ఇంట్లో పాసోవర్ సెడర్ పెట్టుకోవడం ఎలా: సరుకుల దగ్గర్నుంచి చివరి పాట దాకా

మార్చి వచ్చిందంటే చాలు, నాకు అవే ప్రశ్నలు. మా అబ్బాయి పెళ్ళిచేసుకున్న అమ్మాయి వాళ్ళు యూదులండీ, ఈసారి పాసోవర్ మనింట్లో అంటున్నారు, ఏం వండాలి అని ఒకరు. ఆఫీసులో కొలీగ్ ఫ్యామిలీని పిలిచాం, పప్పన్నం పెట్టొచ్చా అని ఇంకొకరు. బైబిల్లో పస్కా అని చదివాం, ఇప్పుడు వాళ్ళు అసలు ఎలా చేస్తారు అని ఊర్నుంచి ఫోన్లు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నా. మా ఆయన వాళ్ళది అష్కెనాజీ యూదుల కుటుంబం, న్యూజెర్సీలో ఉంటాం, మా ఇంట్లో సెడర్ పెట్టేది నేనే, నాకు నేర్పింది మా అత్తగారు. అందుకని కింద చెప్పేది ఎక్కువగా అమెరికాలో నడిచే పద్ధతి, వేరే చోట్ల తేడా ఉన్నప్పుడు చెప్తాను.

సెడర్ అంటే భోజనానికి పిలవడం ఒక్కటే కాదు, ముందు కథ, తర్వాత తిండి. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు మోషే వెంట బయటపడిన కథని బల్ల చుట్టూ కూర్చుని, హగ్గడా అనే పుస్తకం చూసి చదువుతూ, మధ్యమధ్యలో కొన్ని తింటూ తాగుతూ, పిల్లల చేత ప్రశ్నలు అడిగిస్తూ చెప్పుకోవాలి. అసలు భోజనం వచ్చేసరికి గంట, గంటన్నర పడుతుంది. చాలా సెడర్లు చెడిపోయేది వంటవల్ల కాదు, ఆ గంటన్నరలో జనానికి ఆకలేసి, పిల్లలు ఏడ్చి, పెద్దాయనెవరో "కొంచెం త్వరగా" అంటూ పేజీలు తిప్పేయడంవల్ల. కాబట్టి వంట తగ్గించుకున్నా పర్లేదు కానీ టైము, ఆకలి రెండూ చూసుకోండి.

అన్నిటికంటే ముందు: ఎవరి పద్ధతి?

సరుకుల లిస్టు రాసేముందు వచ్చేవాళ్ళకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. మొహమాటపడొద్దు, వాళ్ళు సంతోషంగానే చెప్తారు.

ఒకటి, కోషర్, అంటే యూదుల తిండి నియమాలు, ఎంతవరకు పాటిస్తారు. బాగా నిష్ఠగా ఉండేవాళ్ళయితే మీ మామూలు గిన్నెల్లో వండింది తినరు, మీరు ఎంత శుభ్రంగా తోమినా సరే. అలాంటప్పుడు కోషర్ షాపులో సీల్ వేసి అమ్మే భోజనాలు, వాడి పారేసే ప్లేట్లు తెచ్చుకోవడమే దారి, లేదా సెడర్ వాళ్ళింట్లో పెట్టించి మీరు సాయానికి వెళ్ళండి. రెండోది, కిట్నియోత్ తింటారా లేదా, అదేంటో కింద చెప్తాను. మూడోది, ఎన్నింటికి మొదలుపెట్టాలి. నిష్ఠగా ఉండేవాళ్ళు చీకటి పడ్డాకే మొదలుపెడతారు, ఏప్రిల్లో అమెరికాలో అంటే రాత్రి ఎనిమిది దాటుతుంది, అసలు భోజనం పదింటికి. మిగతావాళ్ళు చాలామంది పిల్లల కోసం ఆరింటికే మొదలుపెట్టేస్తారు.

తేదీ మాట. వాళ్ళ క్యాలెండర్‌లో నీసాను నెల 15, అంటే పున్నమి టైము. వాళ్ళకీ మన అధిక మాసం లాగా అదనపు నెల వస్తుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారిపోతుంది, 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం, 2027లో ఏప్రిల్ 21 సాయంత్రం. క్యాలెండర్లలో మర్నాటి తేదీ వేస్తారు, జాగ్రత్త, సెడర్ ముందురోజు సాయంత్రమే. ఇజ్రాయెల్లో పండగ ఏడు రోజులు, ఒక్క సెడర్. బయటి దేశాల్లో చాలామందికి ఎనిమిది రోజులు, మొదటి రెండు రాత్రులూ సెడరే. రెండో రాత్రికి పిలిస్తే తక్కువ చేసినట్టు అనుకోకండి.

ఇంకోమాట. చుట్టూ యూదులెవరూ లేకుండా, చర్చిలోనో ఇంట్లోనో మనంతట మనమే సెడర్ నడిపి దానికి వేరే అర్థాలు చెప్పడం చాలామంది యూదులకి నచ్చదు, నాకూ సబబుగా అనిపించదు. నేర్చుకోవాలని ఉంటే ఎవరింటికైనా అతిథిగా వెళ్ళండి, సెడర్‌కి మనిషిని పిలవడం వాళ్ళకి పుణ్యం కింద లెక్క. అన్నట్టు మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలే ఉన్నాయి, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడా ఉంది, చాలామందికి తెలీదు.

ఏం తినకూడదు (మన వంటింటి లెక్కలో)

గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ ఐదు ధాన్యాల్లో దేనితో చేసి పులిసినా అది హామెట్స్, పండగన్నాళ్ళూ నిషిద్ధం. అంటే బ్రెడ్, చపాతీ, పూరీ, కేకు, బిస్కెట్, సేమ్యా, ఉప్మా రవ్వ, బీరు అన్నీ అవుట్. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే.

కిట్నియోత్ అంటే బియ్యం, మొక్కజొన్న, పప్పులు, బఠాణీలు, నువ్వులు, ఆవాలు లాంటివి. అష్కెనాజీలు, అంటే యూరప్ నుంచి వచ్చినవాళ్ళు, పాతకాలం నుంచీ ఇవి తినరు. సెఫార్డీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాలవాళ్ళు), మిజ్రాహీలు (ఇరాక్, ఇరాన్ లాంటి దేశాలవాళ్ళు), మన దేశంలోని కొచ్చిన్ యూదులు అన్నం తింటారు. అమెరికా యూదుల్లో కన్సర్వేటివ్ అనే శాఖ 2015 చివర్లో కిట్నియోత్ తినొచ్చని తీర్మానం చేసింది, అయినా అలవాటుకొద్దీ మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, మా అత్తగారితో సహా.

అష్కెనాజీ ఇంటివాళ్ళు వస్తున్నారంటే మన పోపుల డబ్బా మొత్తం పక్కన పెట్టేయాల్సిందే. ఆవాలు కిట్నియోత్, మినప్పప్పు శనగపప్పు కిట్నియోత్, మెంతులు కూడా చాలా లిస్టుల్లో ఉంటాయి, పల్లీలు నువ్వులు చాలామంది వాడరు. ఇంగువ ఇంకా ప్రమాదం, డబ్బాలో వచ్చే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, అది నేరుగా హామెట్స్ కిందకే వస్తుంది, డబ్బా వెనక చదవండి. జీలకర్ర, ధనియాలు కొందరు వాడతారు కొందరు వాడరు. మిరియాలు, పసుపు, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, దాల్చిన చెక్క ఇవి చాలు, రుచి బాగానే వస్తుంది. నూనె ఆలివ్‌ది వాడండి. బియ్యం బదులు పాసోవర్ ముద్ర ఉన్న కినోవా పెట్టుకోవచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇంకోటి, మాంసం ఉన్న భోజనంలో పాలపదార్థం ఉండకూడదు. చికెన్ పెడుతున్నారంటే నెయ్యి లేదు, పెరుగన్నం లేదు, పనీర్ లేదు, పాయసం లేదు, కాఫీలో పాలు లేవు. రోస్ట్ చికెన్‌కి నెయ్యి పూసేస్తే రుచి అమోఘం, తినేవాళ్ళు సున్నా. భోజనం మొత్తం శాకాహారం చేస్తే ఈ గొడవ ఉండదు.

కావలసినవి (పదిమందికి)

హగ్గడాలు: మనిషికొకటి. అందరి దగ్గరా ఒకే పుస్తకం ఉండాలి, లేకపోతే ఏ పేజీ ఏ పేజీ అనుకోవడంతోనే రాత్రి గడిచిపోతుంది. మ్యాక్స్‌వెల్ హౌస్ అనే కాఫీ కంపెనీ 1932 నుంచి కాఫీతో పాటు హగ్గడా ఫ్రీగా ఇస్తోంది, పండగ ముందు అమెరికా సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. ఒబామా వైట్‌హౌస్‌లో సెడర్ పెట్టినప్పుడు వాడింది కూడా అదే. పిల్లలుంటే బొమ్మలున్న పొట్టి హగ్గడా బెటర్.

మాట్జా: పులియని రొట్టె. పిండి, నీళ్ళు కలిపిన దగ్గర్నుంచి 18 నిమిషాల్లోపు కాల్చేయాలని రూలు, కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి, కొనుక్కోండి. పెట్టెమీద కోషర్ ఫర్ పాసోవర్ అని ఉందో లేదో చూడండి, ఏడాది పొడుగునా అమ్మే మామూలు మాట్జా పనికిరాదు, రెండిటి పెట్టెలూ ఒకేలా ఉంటాయి. పదిమందికి మూడు పౌండ్లు సరిపోయి మిగుల్తుంది.

వైన్: మనిషికి నాలుగు కప్పులు. చిన్న కప్పు, సుమారు 90 మిల్లీలీటర్లు అనుకుంటే పదిమందికి నలభై కప్పులు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు ఐదు. తాగనివాళ్ళకి, పిల్లలకి, గర్భిణులకి ద్రాక్షరసం, అది కూడా కోషర్‌దే. నిష్ఠగలవాళ్ళు వస్తుంటే సీసామీద మెవుషాల్ (కాచిన వైన్) అని ఉన్నది కొనండి, లేకపోతే యూదులు కానివాళ్ళు మూత తీసి పోసిన వైన్ వాళ్ళు ముట్టుకోరు. లేదంటే సీసా వాళ్ళ చేతికే ఇచ్చేయండి.

సెడర్ పళ్ళెంలోకి: కాల్చిన ఎముక ఒకటి (గొర్రె కాలి ఎముక, లేదా కోడి మెడ, రెక్క ఎముక), కాల్చిన గుడ్డు, చేదుకి హార్స్‌రాడిష్ దుంప, రోమైన్ లెట్యూస్, పార్స్లీ లేదా సెలెరీ, హరోసెత్ (పండ్లతో చేసే తియ్యటి ముద్ద, ఎలాగో కింద చెప్తాను). ఎముక వద్దనుకునే శాకాహారులు బీట్‌రూట్ పెడతారు. కొందరిళ్ళలో నారింజపండు కూడా కనిపిస్తుంది, 1980ల్లో సుసానా హెషెల్ అనే యూదు పండితురాలు మొదలుపెట్టిన అలవాటు అది, అక్కర్లేదనుకుంటే వద్దు. ప్రత్యేకమైన పళ్ళెం లేకపోతే మామూలు పెద్ద ప్లేటులో ఆరు చిన్న గిన్నెలు పెట్టేయండి.

ఇవి కాక ఉప్పునీళ్ళు రెండు మూడు గిన్నెల్లో, మూడు మాట్జాలు కప్పడానికి గుడ్డ, చేతులు కడగడానికి చెంబు, బేసిన్, తువ్వాలు, ఏలీయా ప్రవక్త కోసం ఒక ఖాళీ కప్పు, ఎడమపక్కకి ఆనుకోవడానికి దిళ్ళు.

ముందు రోజుల పని

1. వారం ముందే ఇంట్లో హామెట్స్ ఖాళీ చేయడం మొదలుపెట్టండి. మీరు యూదులు కాకపోతే ఇల్లంతా దులపక్కర్లేదు కానీ వంటగది, డైనింగ్ టేబులు, ఫ్రిజ్ శుభ్రం చేసి బ్రెడ్డు బిస్కెట్లు కనపడకుండా ఒక అల్మారాలో పెట్టి టేపు వేసేయండి. యూదు కుటుంబాల్లో సెడర్ ముందటి రాత్రి కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటె పట్టుకుని పిల్లలతో ఇల్లంతా వెతికిస్తారు, దొరకడానికని ముందే పది ముక్కలు దాచిపెడతారు, మర్నాడు పొద్దున అవి కాల్చేస్తారు. ఆ పది ఎక్కడ దాచారో కాగితం మీద రాసుకోండి. మిగిలిన సరుకు పారేయకుండా రబ్బీ (యూదు మతగురువు) ద్వారా యూదులు కానివాళ్ళకి అమ్మినట్టు పత్రం రాసుకుంటారు, పండగయ్యాక మళ్ళీ కొనుక్కుంటారు. మిమ్మల్ని ఎవరైనా అలా కొనమని అడిగితే నవ్వులాట అనుకోకండి, ఇజ్రాయెల్ ప్రభుత్వం కూడా తన గోదాముల్లో సరుకు అలాగే అమ్ముతుంది.

2. రెండు రోజుల ముందు సూపు కాచి ఫ్రిజ్‌లో పెట్టండి. కోడి, ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ, మిరియాలు, నీళ్ళు, సన్నని సెగ మీద రెండు మూడు గంటలు. చల్లారాక పైన గట్టిపడిన కొవ్వు తీసి దాచండి, ఉండల్లోకి పనికొస్తుంది.

3. ముందురోజు మాట్జా ఉండల పిండి. నాలుగు గుడ్లు గిలక్కొట్టి, పావు కప్పు నూనె లేదా ఆ కోడికొవ్వు, పావు కప్పు సూపు, చెంచా ఉప్పు, ఒక కప్పు మాట్జా పొడి కలిపి మూత పెట్టి కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. కలిపినప్పుడు జారుగానే ఉంటుంది, గట్టిగా లేదని ఇంకో పావు కప్పు పొడి వేశారో ఉండలు రాళ్ళయిపోతాయి, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తడిచేత్తో పెద్ద ఉసిరికాయంత ఉండలు, నొక్కకుండా చుట్టండి. అవి రెట్టింపు అవుతాయి కాబట్టి గిన్నె వెడల్పుగా ఉండాలి. మరిగే ఉప్పునీళ్ళలో వేసి, మూతపెట్టి, మంట తగ్గించి 35-40 నిమిషాలు, మధ్యలో మూత తీయొద్దు. ఉడికిందో లేదో తెలియాలంటే ఒకటి రెండుగా కోయండి, లోపల రంగు అంతా ఒకేలా ఉండాలి, నడిమధ్య ముదురు పసుపు చుక్క కనిపిస్తే ఇంకో పది నిమిషాలు. సూపులోనే ఉడికిస్తే సూపంతా అవే తాగేస్తాయి, అందుకే వేరే నీళ్ళలో.

4. హరోసెత్. బానిసలు ఇటుకలకి కలిపిన మట్టికి గుర్తు. అష్కెనాజీ పద్ధతిలో మూడు ఆపిల్స్ సన్నగా తరిగి, కప్పు వాల్‌నట్స్ దంచి, దాల్చినచెక్క పొడి, తేనె, రెండు మూడు చెంచాల తియ్యటి వైన్ కలిపేయడమే. మన దేశపు యూదులు, ఇరాక్ యూదులు ఖర్జూరంతో చేస్తారు, గింజలు తీసిన ఖర్జూరాలు నీళ్ళలో ఉడికించి, వడకట్టి, పాకంలా దగ్గరపడేదాకా కాచి పైన వాల్‌నట్ పొడి చల్లుతారు. నాకు ఈ రెండోదే ఇష్టం, మిగలదు కూడా. నట్స్ అలర్జీ ఎవరికన్నా ఉందేమో తప్పకుండా అడగండి, ఉంటే ఖర్జూరం పాకం మాత్రమే చేయండి, పైన పొడి వద్దు.

5. ప్రధాన వంటకం ముందురోజే అయిపోవాలి. అమెరికా యూదుల ఇళ్ళలో మామూలుగా బ్రిస్కెట్, అంటే గొడ్డుమాంసం. మీ ఇంట్లో వద్దనుకుంటే రోస్ట్ చికెన్ చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మేకమాంసం, గొర్రెమాంసం మాత్రం నిప్పుల మీద కాల్చింది పెట్టకండి, యెరూషలేములో ఒకప్పటి దేవాలయంలో ఇచ్చిన బలికి గుర్తని అష్కెనాజీలు చాలామంది సెడర్ రాత్రి తినరు. పక్కన ఆలూ వేపుడు, వంకాయ, క్యారెట్, పోపు లేకుండా అల్లం పచ్చిమిర్చితో చేస్తే మన రుచీ ఉంటుంది, పద్ధతీ చెడదు.

6. ఆ రోజు మధ్యాహ్నం గుడ్లు ఉడకబెట్టండి, మనిషికొకటి, పళ్ళేనికి ఒకటి ఎక్కువ. పళ్ళెంలోది పెంకుతోనే స్టవ్ మంటమీద తిప్పితే గోధుమరంగు మచ్చలు పడతాయి. ఉడకబెట్టకుండా మంటమీద పెడితే పేలుతుంది, కళ్ళకి ప్రమాదం. లెట్యూస్ ఆకు ఆకూ విడదీసి కడిగి పురుగుందేమో వెలుతురులో చూడండి, నిష్ఠగలవాళ్ళు ఇది గట్టిగా పట్టించుకుంటారు. హార్స్‌రాడిష్ కిటికీలు తీసి కోరండి, మిక్సీలో వేస్తే మూత తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టండి, ముక్కులోంచి నెత్తికెక్కుతుంది.

7. పిల్లల్ని మధ్యాహ్నం పడుకోబెట్టండి, ఐదింటికి వాళ్ళకి కడుపునిండా ఏదో ఒకటి పెట్టండి. పండ్లు, ఉడికిన బంగాళాదుంప, గుడ్డు. ఆ రోజు పగలు మాట్జా మాత్రం తినరు, రాత్రికి కొత్తగా ఉండాలని.

రాత్రి నడిపే పద్ధతి

మొత్తం పదిహేను అంగాలు, హగ్గడా మొదట్లోనే లిస్టు ఉంటుంది. దీవెనలు హీబ్రూలో యూదులే చెప్తారు, నడిపే మనిషిని ముందే అనుకోండి. మీ పని గిన్నెలు టైముకి అందించడం, తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉన్న పేరాలు తలా ఒకటి చదివించడం.

8. మొదటి కప్పు. కిద్దుష్ దీవెన చెప్పి, ఎడమపక్కకి ఆనుకుని తాగుతారు, స్వేచ్ఛగా ఉన్నవాళ్ళు అలా జారగిలబడి తినేవారని. ఒకరి కప్పు ఇంకొకరు నింపడం బాగుంటుంది. తర్వాత చేతులు కడుగుతారు, ఈసారి దీవెన లేదు.

9. కర్పాస్. పార్స్లీ రెమ్మ ఉప్పునీళ్ళలో ముంచి తినాలి, కన్నీళ్ళకి గుర్తు. ఆకలి సంగతి ఇక్కడే చూసుకోవచ్చు. మరీ నిష్ఠ లేని ఇళ్ళలో ఈ ఘట్టాన్ని కొంచెం సాగదీసి, ఉడికిన బంగాళాదుంప ముక్కలు, క్యారెట్, సెలెరీ పళ్ళాలనిండా పెట్టేస్తారు, కథ అయ్యేదాకా అవి నముల్తూ కూర్చుంటారు. ఒక్క రెమ్మే తినాలనే పట్టింపు ఉన్నవాళ్ళు వస్తే ఇలా పెట్టకండి, వాళ్ళని ముందే తినిరమ్మని చెప్పండి.

10. మూడు మాట్జాల్లో మధ్యది విరుస్తారు. చిన్న ముక్క మళ్ళీ మధ్యలోకి, పెద్ద ముక్క గుడ్డలో చుట్టి దాచేయాలి, దాని పేరు అఫికోమన్. కొన్ని ఇళ్ళలో పెద్దలు దాచి పిల్లలు వెతుకుతారు, కొన్నిట్లో పిల్లలే కొట్టేసి బేరం ఆడతారు. కుక్కకి అందేచోట, సోఫా కుషన్ల కింద పెట్టకండి. ఎక్కడ పెట్టారో ఇంకొక పెద్దమనిషికి చెప్పి ఉంచండి, ఎందుకంటే అది తినకుండా భోజనం ముగియదు. వెతికిన పిల్లలందరికీ చిన్న బహుమతులు సిద్ధం చేసుకోండి, గెలిచిన ఒక్కళ్ళకే ఇస్తే ఏడుపులు.

11. మగ్గీద్, అంటే కథ. రెండో కప్పు నింపి పెట్టుకుని (ఇంకా తాగరు) అందరిలోకి చిన్నవాళ్ళు నాలుగు ప్రశ్నలు పాడతారు, ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరుగా ఉంది అని. చిన్నపిల్లలు లేకపోతే పెద్దవాళ్ళే అడగాలి, ఒక్కళ్ళే కూర్చున్నా తమని తాము అడుక్కోవాలి. ఇక్కడ తొందరపడకండి, సెడర్ అంతటికీ ప్రాణం ఈ ప్రశ్నలే. హగ్గడాలో లేని ప్రశ్న ఎవరైనా వేస్తే ఆగి మాట్లాడుకోనివ్వండి, మన పిల్లలు "ఫరో ఎందుకు వదల్లేదు, దేవుడే అతని మనసు గట్టిచేశాడంటగా" అని అడిగారంటే అక్కడున్న పెద్దలు అరగంట వాదించుకుంటారు, అది ఆలస్యం కింద లెక్కకాదు.

తర్వాత నలుగురు కొడుకుల కథ, పది తెగుళ్ళు. రక్తం, కప్పలు, పేలు, అడవి మృగాలు, పశువుల తెగులు, బొబ్బలు, వడగళ్ళు, మిడతలు, చీకటి, తొలిచూలు పిల్లల మరణం, ఒక్కోదానికి వేలితో ఒక్కో చుక్క వైన్ ప్లేటులోకి తీసేస్తారు, ఐగుప్తువాళ్ళు పడ్డ బాధకి మన సంతోషం కొంచెం తగ్గించుకోవాలని చెప్తారు. వేలు నాకొద్దు. తెల్ల టేబుల్ క్లాత్ వేస్తే మీ ఇష్టం.

అప్పుడు దయేను పాట. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ యూదుల ఇళ్ళలో ఆ పాటకి ఉల్లికాడలతో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారు, పిల్లలుంటే ఒక కట్ట కొనుక్కోండి, పది నిమిషాలు గోల గోల. చివరికి బలిగొర్రె, మాట్జా, మరోర్ (చేదు ఆకు లేదా దుంప), ఈ మూడూ ఎందుకో చెప్పుకుని రెండో కప్పు తాగుతారు. కథ కుదించాలంటే ఏదైనా తీసేయండి గానీ ప్రశ్నలు, తెగుళ్ళు, ఈ మూడు వస్తువుల మాట తీయకండి. మొత్తం నలభై, నలభై ఐదు నిమిషాలు. మాట్లాడే తీరు చూసి, కథ ముగియడానికి పావుగంట ముందు మీరు లేచి సూపు వేడిపెట్టండి.

12. మళ్ళీ చేతులు కడగడం, ఈసారి దీవెనతో, ఆ తర్వాత మాట్జా నోట్లో పెట్టుకునేదాకా మాట్లాడరు. ఇది తెలీక మనవాళ్ళు "నీళ్ళు చాలా? తువ్వాలు ఇదిగో" అని పలకరిస్తుంటే వాళ్ళు సైగలు చేస్తుంటారు, ముందే అందరికీ చెప్పండి. మాట్జా తిన్నాక మరోర్, అంటే హార్స్‌రాడిష్ హరోసెత్‌లో అద్ది తినడం, దీనికి మాత్రం ఆనుకోరు. మనం కారం తినే జనం కదా అని గరిటెడు వేసుకోకండి, ఇది నాలుకమీద ఆగే కారం కాదు. పిల్లలకి, అల్సర్ ఉన్నవాళ్ళకి లెట్యూస్ ఇవ్వండి, అదీ చెల్లుతుంది. తర్వాత మాట్జా మధ్యలో మరోర్, హరోసెత్ పెట్టి శాండ్‌విచ్, హిల్లేల్ అనే పాతకాలపు గురువు అలా తినేవాడని.

13. ఇక భోజనం. చాలా ఇళ్ళలో ముందు ఉడికిన గుడ్డు ఉప్పునీళ్ళతో, తర్వాత చేప, సూపు, మిగతావి. గంటలో ముగించండి. స్వీటు, పండ్లు ఇప్పుడే పెట్టేయాలి, ఎందుకంటే తర్వాత అఫికోమన్ తింటారు, అది తిన్నాక మిగిలిన రెండు కప్పులు, నీళ్ళు తప్ప ఇంకేమీ తినరు తాగరు. మనకి భోజనాలయ్యాక తీరిగ్గా స్వీటు బాక్సు తెరిచే అలవాటు, ఇక్కడ అది కుదరదు. అఫికోమన్ అర్ధరాత్రిలోపు తినాలని పద్ధతి, గడియారం చూసుకోండి.

14. భోజనం తర్వాత దీవెనలు, మూడో కప్పు. ఏలీయా ప్రవక్త కోసం కప్పు నింపి వీధి తలుపు తీస్తారు, పిల్లలకి తీయనివ్వండి, పిల్లి బయటికి పోకుండా చూసుకోండి. తర్వాత హల్లేల్ కీర్తనలు, నాలుగో కప్పు, వచ్చే ఏడు యెరూషలేములో అని అందరూ కలిసి అనడం.

15. పాటలు. చద్ గద్యా అని చివర్లో ఒకటి ఉంటుంది, నాన్న కొన్న మేకపిల్లని పిల్లి తింది, పిల్లిని కుక్క కరిచింది, కుక్కని కర్ర కొట్టింది, కర్రని నిప్పు కాల్చింది అని సాగుతుంది, మన ఏడు చేపల కథలో చేపా చేపా ఎందుకెండలేదు అన్నట్టే. మన పిల్లలకి ఒక్కసారి చెప్తే పట్టేస్తారు. నిద్రపోయేవాళ్ళు నిద్రపోతారు, పర్లేదు.

జరిగే పొరపాట్లు

ఫోటోలు. నిష్ఠగా ఉండేవాళ్ళు పండగ రాత్రి ఫోన్ ముట్టుకోరు, కారు నడపరు, లైటు స్విచ్ వేయరు. ఫోటో తీసేముందు అడగండి, దూరం నుంచి వచ్చినవాళ్ళు రాత్రికి మీ ఇంట్లోనే పడుకుంటారేమో కూడా అడగండి, బాత్రూమ్ లైటు ఆపకుండా వదిలేయండి.

గిఫ్టులు. మీరు అతిథిగా వెళ్తుంటే కేకు, కుకీలు, మన స్వీటు షాపు మైసూర్‌పాక్ పట్టుకెళ్ళకండి, శనగపిండి, నెయ్యి రెండూ ఇబ్బందే. పూలు, పాసోవర్ ముద్ర ఉన్న చాక్లెట్ చాలు, పండ్లయినా పర్లేదు.

ఎక్కువ వండేయడం. మనకి పది ఐటమ్స్ లేకపోతే మర్యాద కాదనిపిస్తుంది, అక్కడ అప్పటికే మాట్జా, గుడ్డు, సూపుతో కడుపు నిండిపోయి ఉంటుంది. రెండు కూరలు, ఒక మాంసం, ఒక సలాడ్ పెడితే మిగుల్తుంది.

ప్రభువు రాత్రి భోజనం ఇలాగే జరిగిందా అని క్రైస్తవ మిత్రులు బల్ల దగ్గరే అడుగుతుంటారు. ఇప్పుడున్న వరస చాలావరకు క్రీ.శ. 70లో దేవాలయం కూలాక రూపుకట్టింది, కాబట్టి ఇదంతా అచ్చంగా అలాగే అప్పుడు జరిగింది అనుకోవడానికి లేదు. అడగడం తప్పు కాదు, అయితే ఇంటివాళ్ళ కథ పూర్తయ్యాక భోజనం దగ్గర అడగండి.

కూర్చునేముందు ఒకసారి చూసుకోండి

మాట్జా పెట్టెమీద పాసోవర్ ముద్ర ఉందా. గుడ్డ కింద మూడు మాట్జాలూ విరగకుండా ఉన్నాయా, పెట్టెలో సగం విరిగే వస్తాయి కాబట్టి మంచివి ముందే ఏరిపెట్టండి. బల్లకి రెండు చివర్లా ఉప్పునీళ్ళు ఉన్నాయా. ఏలీయా కప్పు ఉందా. హగ్గడాలు సరిపోయాయా, ముసలివాళ్ళకి కళ్ళద్దాలు దగ్గరున్నాయా. చిన్నవాళ్ళకి ప్రశ్నలు ఒకసారి ప్రాక్టీస్ చేయించారా. ఓవెన్లో తిండి రెండు గంటలైనా ఎండకుండా మూత ఉందా.

సరిగ్గా జరిగిందా లేదా తెలుసుకోవడానికి నేను చూసేది రెండే. పిల్లలు ఎవరో ఒకరు పుస్తకంలో లేని ప్రశ్న అడిగారా, అఫికోమన్ అర్ధరాత్రిలోపు అయిందా. సూపు చల్లారినా, ఎవరో వరస తప్పి ముందే మాట్జా కొరికేసినా పట్టించుకోకండి, ప్రతి ఇంట్లో జరిగేదే.

మర్నాడు మిగిలిన మాట్జా ఏం చేయాలి అని తప్పకుండా అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తా. ముక్కలు చేసి నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి పిండేయండి, ఎక్కువసేపు నానితే ముద్దవుతుంది. ఆలివ్ నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేయించి, పసుపు వేసి, మాట్జా, గిలక్కొట్టిన గుడ్లు పోసి పెద్ద మంటమీద తిప్పేయండి. నాలుగు మాట్జాలకి నాలుగు గుడ్లు. పైన నిమ్మకాయ పిండండి, ఆవాల డబ్బా జోలికి మాత్రం ఇంకా వెళ్ళొద్దు, పండగ అయిపోలేదు.